ఇరవై మూడో మెట్టు

శుక్రవారం ఉదయం ఏడూ నలభై. మధ్యాహ్నం పన్నెండింటికి కెమ్ తాత ఫైలు మిలిటరీ కోర్టుకు వెళ్ళిపోతుంది. అక్కడికి వెళ్ళిన ఫైళ్ళే తిరిగి రావు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ బోరిన్ చేతిలో ఉన్నవి నాలుగు గంటల ఇరవై నిమిషాలు, ఒక టైపు కాగితం, ఇంట్లో ఆవిడ కట్టిచ్చిన అన్నం, ఎండుచేప. వీటిలో నమ్మదగ్గది ఎండుచేప ఒక్కటే.

చూడ్డానికి కేసు చాలా తేలిక. రాజధాని నాంపెన్‌లో నది ఒడ్డున కడుతున్న కొత్త సంగీత మందిరానికి విరాక్ సైటు ఇంజనీరు. వయసు ఇరవై ఏడు. గురువారం ఉదయం ఆరింటికి పనివాళ్ళు వచ్చేసరికి ముందువైపు పెద్ద మెట్ల కింద చచ్చి పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ముఖం మీద గళ్ళ కండువా. ఆ కండువా కెమ్ తాతది, తాత ఆ భవనానికి పెద్ద మేస్త్రీ. మెట్ల లెక్క గురించి ఇద్దరికీ నెల రోజులుగా గొడవ నడుస్తోంది. భద్రతా శాఖ కెప్టెన్ సారెత్ ఎనిమిదింటికల్లా తాతని పట్టుకున్నాడు, సాయంత్రానికల్లా నేరం ఒప్పుకున్నట్టు వాంగ్మూలం టైపు చేయించాడు. కావలసింది తాత వేలిముద్ర. రాత్రంతా అడిగినా తాత అదొక్కటే ఇవ్వలేదు.

"తాతా, నీకు చదువొచ్చా?" బోరిన్ లాకప్పు ఊచల ముందు నేల మీదే కూర్చుంటూ అడిగాడు.

"అంకెలొచ్చు. అక్షరాలు రావు. గోడలు కట్టడానికి అక్షరాలెందుకు బాబూ?"

"అయితే నీ వాంగ్మూలం చదువుతా, విను. బుధవారం సాయంత్రం ఆరింటికి ఇంజనీరును మెట్ల పైనుంచి తోశాను. ఇరవై రెండు మెట్లూ దొర్లుకుంటూ పోయి కింద పడ్డాడు. నేను ఇరవై రెండు మెట్లూ దిగి ఇంటికి..."

తాత మొదటిసారి తలెత్తాడు. "ఇరవై రెండా?"

"అలాగే ఉంది."

"నేనట్లా చెప్పానా?"

"చెప్పావనే రాశారు."

తాత మళ్ళీ గోడకేసి తిరిగాడు.

"కండువా ఎందుకు కప్పావు?"

"ఈగలు వాలుతున్నాయి."

"అంటే చచ్చిపోయాక నువ్వు అక్కడున్నావు. చంపిందెవరో చూశావు. ఎవర్ని కాపాడ్డానికి నోరు మూసుకున్నావు?"

"నోరు తెరిస్తే పళ్ళు లేవు బాబూ. చూడ్డానికి బాగుండదు." తాత చిగుళ్ళు నాలుకతో తడుముకున్నాడు. "నిన్నటిదాకా నాలుగుండేవి."

బోరిన్ లేచాడు. ఫైల్లోని ఫొటో బయటికి తీశాడు. శవం వెల్లకిలా ఉంది. తల పడమటికి, చేతులు గుండెల మీద. ఇరవై రెండు మెట్లు దొర్లిన మనిషి ఇంత మర్యాదగా పడుకోడు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా పోయినవాళ్ళని పడుకోబెట్టే పద్ధతి అది. చంపినవాడికి ఆ ఓపిక ఉండదు. ఈ మాట సారెత్‌కి చెబితే నవ్వుతాడు. కాబట్టి చెప్పడానికి ఇంకాస్త గట్టిది కావాలి.

ఎనిమిదీ యాభైకి బోరిన్ స్కూటరు మందిరం ముందు ఆగింది. భవనం మొత్తం నలభై కాంక్రీటు స్తంభాల మీద నేలకి అంటకుండా లేచి ఉంది. కింద నీళ్ళ మడుగు, పైన ముడతలు పెట్టిన కప్పు. బోరిన్ భార్య ఒకసారి దీన్ని చూసి, "మన పల్లెటూరి ఇల్లే, కాకపోతే పారిస్‌లో చదువుకొచ్చింది," అంది. ఆర్కిటెక్టు కూడా పత్రికలవాళ్ళకి అదే చెప్పుకున్నాడు, కొంచెం పొడుగ్గా.

బోరిన్ దేని వైపూ చూడలేదు. మెట్లు లెక్కపెట్టాడు. పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి.

ఇరవై మూడు.

పైనున్న ఇరవై ఒక్క మెట్లూ ఒకే ఎత్తు. చివరి రెండు మాత్రం పొట్టివి, అందులో సగం. అడుగున ఉన్నది రంగులో కూడా తేడా, ఇంకా ముదురు బూడిద రంగులో ఉంది. ఎవరో మొదటి మెట్టు ముందు సగం ఎత్తులో కొత్త మెట్టు పోసి, ఒకటిని రెండు చేశారు. సరిసంఖ్య మెట్లున్న ఇంటికి దయ్యాలు ఎక్కుతాయని తెలియనివాడు ఈ దేశంలో ఆర్కిటెక్టు ఒక్కడే. మేస్త్రీకి తెలుసు. నెల రోజుల గొడవ దాని గురించే.

బోరిన్ వంగి ఆ మెట్టును వేలితో తడిమాడు. తాపీతో అద్దంలా నునుపు చేశారు. మూల మీద మేకుతో అంకెలు గీసి ఉన్నాయి. నాలుగో తేదీ, మూడో నెల. బుధవారం. దాని పక్కనే మూడు వేళ్ళ కోడి అడుగులు నాలుగు, ఇటునుంచి అటు నడిచి వెళ్ళినట్టు. అంతకు మించి గీత లేదు.

"గుడ్డు పెట్టిందా అన్నా?"

కెప్టెన్ సారెత్ వెనక నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, పక్కన సార్జెంటు. టైము తొమ్మిదీ పదిహేను.

"పెట్టింది కెప్టెన్ గారూ. మీ వాంగ్మూలం మీద." బోరిన్ నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఇందులో ఇరవై రెండు మెట్లని ఉంది. ఇక్కడ ఇరవై మూడున్నాయి. ఇరవై మూడోది పోసింది తాతే. దానికోసం నెల రోజులు పోట్లాడినవాడు ఇరవై రెండని చెబుతాడా? మీవాళ్ళు ప్లాను కాగితం చూసి టైపు చేశారు."

సారెత్ మెట్ల వంక చూశాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు కూడా. తర్వాత చాలా మర్యాదగా తలూపాడు.

"నిజమే అన్నా. థాంక్స్. రెండు కొట్టేసి మూడు వేయిస్తాను."

 ముప్పై ఏళ్ళ సర్వీసులో అబద్ధాన్ని పట్టుకున్నందుకు బోరిన్‌ని చాలామంది తిట్టారు. అచ్చుతప్పు దిద్దినట్టు థాంక్స్ చెప్పినవాడు ఇతనొక్కడే.

"ఇదీ చూడండి," అన్నాడు కోడి అడుగులు చూపిస్తూ. "ఇది బుధవారం పోసిందే, సాయంత్రం ఆరింటికి ఈ సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. కోడి నడిస్తే అడుగులు పడ్డాయి. అరవై కిలోల మనిషి పైనుంచి దొర్లుకుంటూ దీని మీదుగా పడితే గీత పడదా? విరాక్ ఈ మెట్ల మీంచి పడలేదు. ఇంకెక్కడో చచ్చాడు. ఎవరో మోసుకొచ్చి, ఈ మెట్టు తొక్కకుండా దాటి, తల పడమటికి పెట్టి పడుకోబెట్టారు."

"కోడిని కూడా కోర్టుకి తీసుకొస్తావా? ప్రమాణం చేయిస్తావా?"

"మీ సాక్షుల కన్నా నయం. దాన్ని కొట్టలేదు."

సార్జెంటుకి నవ్వొచ్చింది. సారెత్ తల తిప్పగానే అది దగ్గయిపోయింది.

"బోరిన్ అన్నా," సారెత్ కళ్ళద్దాలు తీశాడు. "సోమవారం ప్రారంభోత్సవం. విదేశాల నుంచి అతిథులొస్తున్నారు. ఇవాళ రెండింటికి నాలుగొందల మంది ఆడపిల్లలు పాట రిహార్సల్‌కి వస్తున్నారు. ఇంజనీరును చంపిన దేశద్రోహి దొరికాడు, అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి కోడి అంటున్నావు. ఈ మెట్టు ప్లాన్లో లేదు. ఒంటిగంటకల్లా పగలగొట్టించేస్తాను. అప్పుడు మళ్ళీ ఇరవై రెండే. నా కాగితం మార్చక్కర్లేదు, నీ కోడి బెంగ తీరుతుంది."

"ఈ పనికి కాంట్రాక్టరు మీ బావమరిది తాన్ గారే కదూ?"

"అయితే?"

"ఏం లేదు. బంధువుల క్షేమం అడగడం మర్యాద కదా."

సారెత్ అద్దాలు పెట్టుకుని జీపు వైపు వెళ్ళిపోయాడు. సార్జెంటు మాత్రం వెళ్ళలేదు. మడుగు పక్కన స్తంభానికి ఆనుకుని సిగరెట్టు ముట్టించాడు. బోరిన్ అది చూశాడు, పట్టించుకోలేదు. ఆ రోజు అతను చేసిన తప్పు అదొక్కటే.

తొమ్మిదీ నలభై. పై హాల్లో ఎవరూ లేరు. వెయ్యి కుర్చీల మీద ఇంకా గుడ్డలు కప్పి ఉన్నాయి. జల్లెడలా చిల్లులున్న గోడల్లోంచి నది గాలి చల్లగా వస్తోంది. ఇంత అందమైన చోట మనిషి ఎలా చచ్చిపోయుంటాడా అని చూస్తూ బోరిన్ వేదిక దాకా నడిచాడు. వేదిక పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెద్ద దూలం. దాని కింద గచ్చు మీద చాప పరిచినంత మేర మిగతా నేలకంటే శుభ్రంగా ఉంది. ఎవరో బాగా రుద్ది కడిగారు. పనివాళ్ళు అంత శ్రద్ధగా కడగరు, అదీ ఒక్కచోటే.

తల పైకెత్తాడు. దూలం చివర, గోడను కలిసేచోట, తలవెంట్రుకంత పగులు. నిచ్చెన ఆనించే ఉంది. ఎక్కాడు.

పగులుకి అడ్డంగా అగ్గిపెట్టె అంత గాజు ముక్కలు సిమెంటుతో అతికించి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి. పగులు వెడల్పయితే గాజు విరుగుతుంది. ప్రతి ముక్క కింద ఎర్ర సిరాతో రెండు తేదీలున్నాయి, అతికించింది ఒకటి, విరిగింది ఒకటి. మొదటిది తొమ్మిది రోజులాగింది. రెండోది అయిదు. మూడోది రెండు. నాలుగో ముక్క కింద "4-3, సాయంత్రం 5" అని ఉంది. విరాక్ చివరి రాత అదే. గంట తర్వాత చచ్చిపోయాడు.

కానీ నాలుగో ముక్క విరిగిన తేదీ కూడా రాసి ఉంది. ఆరు, మూడు. ఇవాళ. దాని పక్కన అయిదో ముక్క, కొత్తది. "ఆరు, మూడు, ఉదయం 6." ఫ్రెంచి అంకెలు కావివి, మన ఖ్మేర్ అంకెలు, బొగ్గుతో రాసినవి. విరాక్ శవాగారంలో ఉన్నాడు. అంకెలొచ్చిన తాత లాకప్పులో ఉన్నాడు.

"ఎవరక్కడ?" అన్నాడు బోరిన్ నిచ్చెన మీంచే. "ఈ అంకెలు రాసినవాళ్ళు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. బొగ్గు ఇంకా చేతికి అంటుతోంది."

గుడ్డ కప్పిన కుర్చీల వెనకనుంచి ఒక అమ్మాయి లేచింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. చేతులు మోచేతుల దాకా సిమెంటు కొట్టుకుపోయి ఉన్నాయి.

"కెమ్ మేస్త్రీ కూతుర్ని, బాబాయ్. కొలాబ్. ఇక్కడ తట్టలు మోస్తాను. ఆ నిచ్చెన దిగండి ముందు. ఆ దూలం కింద ఎవరూ ఉండకూడదనేవాడు."

"ఎవరు?"

"విరాక్." ఆమె గాజు ముక్కల వైపు చూసింది. "రాబోయే పండగకి నన్నిమ్మని మా నాన్నని వచ్చి అడుగుతానన్నాడు. నాన్నకి తెలీదనుకునేవాడు. నాన్నకి తెలుసు. మెట్టు గొడవ అందుకే అంత లాగాడు, కాబోయే అల్లుడితో బేరం పెట్టినట్టు."

"గొడవ తీరిందా?"

"బుధవారం తీరింది. 'వేసుకో తాతా, ప్లాన్లో చూపించన్లే' అన్నాడు. నాన్న అయిదింటికి మొదలెట్టాడు, ఆరున్నరకి నునుపు తీశాడు. నేను సిమెంటు కలిపిచ్చాను."

"మరి ఆరింటికి పైన ఎవరున్నారు?"

కొలాబ్ జల్లెడ గోడ వంక చూసింది. బయట ఎండ తప్ప ఏమీ కనిపించలేదు.

"అయిదూ ముప్పావుకి జీపు వెనకవైపు ఆగింది. వెనక ఇనుప మెట్లెక్కి ఇద్దరొచ్చారు. కాంట్రాక్టరు తాన్, ఆ నల్లద్దాల కెప్టెన్. విరాక్ ఎర్ర పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు బాబాయ్, దూలంలో ఎంత లావు చువ్వలుండాలి, ఎంత లావువి వేశారు, అన్నీ. సోమవారం ఎవర్నీ లోపలికి రానివ్వనన్నాడు. అరుపులు వినిపించాయి. ఆరూ పదికి వాళ్ళు దిగారు. పుస్తకం కెప్టెన్ చేతిలో ఉంది. నేను వెనక నీళ్ళ తొట్టి దగ్గరున్నాను, వాళ్ళు నన్ను చూళ్ళేదు."

"శవాన్ని మోసింది నాన్నేనా?"

"మెట్టు పని అయ్యాక పైకెళ్తే దూలం కింద పడి ఉన్నాడు. వెనక మెట్లు ఇరుకు, మనిషిని మొయ్యలేరు. ముందునుంచి తెచ్చాడు. పచ్చి మెట్టు దాటుతుంటే నేను కాళ్ళు పట్టుకున్నాను."

"అసలెందుకు కదిపారమ్మా? అక్కడే ఉంచితే..."

"ఆ దూలం కింద ఉండకూడదని వాడే చెప్పాడు కదా బాబాయ్," అంది కొలాబ్, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "చచ్చిపోయాడని అక్కడ వదిలేస్తామా?"

 కేసు చేతికొచ్చాక మొదటిసారి బోరిన్‌కి ఊపిరి సరిగ్గా ఆడింది. హంతకులున్నారు, టైములున్నాయి, కళ్ళతో చూసిన సాక్షి ఉంది. తాత నోరెందుకు మూసుకున్నాడో కూడా తెలిసింది. అతను ఒక్క మాట చెప్పినా కూతురి పేరు బయటికొస్తుంది.

"నాతో రా. మేజిస్ట్రేటు ముందు ఇదే చెప్పు. పదకొండున్నరకల్లా మీ నాన్న బయటికొస్తాడు."

సరిగ్గా అప్పుడు తల పైన చిన్న చప్పుడైంది, పంటి కింద ఇసుక పడ్డట్టు. ఇద్దరూ పైకి చూశారు. అయిదో గాజు ముక్క రెండుగా ఉంది. బోరిన్ గడియారం చూసుకున్నాడు. పదీ అయిదు. నాలుగు గంటలు ఆగింది.

కొలాబ్ నిచ్చెన ఎక్కి, అలవాటు ప్రకారం విరిగిన టైము రాసి దిగింది.

జల్లెడ గోడ అవతల, వెనక ఇనుప మెట్ల మీద, ఎవరో గబగబా దిగుతున్న బూట్ల చప్పుడు. బోరిన్ పరుగెత్తాడు. గోడ వెనక ఎవరూ లేరు. సగం కాలిన సిగరెట్టు మాత్రం నేల మీద పొగ వదులుతోంది. కింద జీపు స్టార్టయింది.

బోరిన్ స్కూటరు ఎనిమిదేళ్ళది, వెనక మనిషి కూర్చుంటే వంతెన ఎక్కడానికి ఆలోచిస్తుంది. మేజిస్ట్రేటు ఇంట్లో లేడు. ఎవరో ఫోన్ చేశాక బయటికెళ్ళాడని వంటామె చెప్పింది, ఎక్కడికో చెప్పలేదు. స్టేషన్‌కి వచ్చేసరికి పదకొండూ ఇరవై అయిదు. జీపు అప్పటికే గుమ్మం ముందు నీడలో ఉంది. కొలాబ్‌ని ఎదురుగా టీ కొట్లో కూర్చోబెట్టి లోపలికెళ్ళాడు.

సారెత్ బోరిన్ కుర్చీలోనే కూర్చున్నాడు. బల్ల మీద ఫైలు కట్టి సిద్ధంగా ఉంది.

"ఆ అమ్మాయిని ఇంటికి పంపించెయ్ అన్నా. ఆమెని ఎవరూ ఏమీ అనరు. ముసలాయనకి మాటిచ్చాను."

బోరిన్‌కి అర్థమైంది. కూతురి కోసం తాత వేలు పెట్టేశాడు. ఫైలు లాక్కుని విప్పాడు. అదే టైపు కాగితం. అడుగున నల్లటి వేలిముద్ర, ఇంకా తడిగా ఉంది. రెండు చోట్ల "ఇరవై రెండు" అన్నది కొట్టేసి, పైన పెన్సిలుతో ఖ్మేర్ అంకెల్లో 23 అని వేసి ఉంది. పెద్ద పెద్ద అంకెలు, గోడ మీద కొలత గుర్తు పెట్టినట్టు.

"నేను అడగలేదు," అన్నాడు సారెత్. "అదొక్కటి మాత్రం తనే దిద్దుతానన్నాడు. ఎక్కడుందో చూపించి పెన్సిలిచ్చాను."

"దూలం విరుగుతోంది, కెప్టెన్. నేను కళ్ళారా చూశాను. రెండింటికి నాలుగొందల మంది పిల్లలు..."

"దూలం గురించి చెప్పాల్సింది ఇంజనీరు. ఇంజనీరు లేడు. నువ్వు ఎప్పటినుంచి కాంక్రీటు డాక్టరువయ్యావు? మధ్యాహ్నం నుంచి నీకు నెల రోజుల సెలవు, కాగితం వస్తుంది." సారెత్ ఫైలు అందుకోబోయాడు. గోడ గడియారం పదకొండూ ముప్పై అయిదు చూపిస్తోంది.

బోరిన్ కాగితం వదల్లేదు. దాన్ని పట్టుకునే లాకప్పు దగ్గరికెళ్ళాడు. సారెత్ ఆపలేదు. ఇరవై అయిదు నిమిషాల్లో ఏం మారదని అతనికి తెలుసు.

"ఎందుకు తాతా?" బోరిన్ ఊచల దగ్గర కూర్చుంటూ అడిగాడు. "నేను తెచ్చేవాణ్ణి కదా నిన్ను బయటికి."

"పిల్లని చూశారంటయ్యా." తాత ప్రశాంతంగా ఉన్నాడు. "నీ తప్పు లేదులే. అంకె తప్పుంటే సరిచేశాను, చూశావా? ఆ ఇంటికి ఇరవై మూడు మెట్లు. రేపెవడైనా కాగితం చదివితే నన్ను తిట్టకూడదు."

"చూశాను."

"ఇంకోటి కూడా రాయమన్నాను." తాత ఊచల దగ్గరికి జరిగాడు. "దూలం పాడు చేసింది కూడా నేనే, సిమెంటు తక్కువేశాను, చువ్వలు నేనే మార్చాను, అని రాయమన్నాను. అది రాస్తేనే వేలు పెడతానన్నాను. రాశాడు, నా ముందే టకటకా కొట్టించాడు. అది చదివితే ఇక ఏ సర్కారూ అందులోకి పిల్లల్ని పంపదు కదా బాబూ? విరాక్ కోరింది అదే." గొంతు తగ్గించాడు. "నాకు అక్షరాలు రావు. ఉంది కదూ?"

బోరిన్ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ చదివాడు. మెట్లున్నాయి, తోయడం ఉంది, దేశద్రోహం ఉంది. చివర్లో కొత్తగా కొట్టిన ఒక వరుస ఉంది. అందులో, తనను స్టేషన్లో ఎవరూ కొట్టలేదని, మర్యాదగా చూశారని ఉంది.

దూలం అన్న మాటే లేదు.

"ఉంది తాతా," అన్నాడు బోరిన్.

తాత గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజుల తర్వాత నిద్ర పట్టేవాడిలా కనిపించాడు.

బయట టీ కొట్టు ముందు కొలాబ్ లేచి నిలబడి రోడ్డు వంక చూస్తోంది. మొదటి బస్సు నది వైపు మలుపు తిరుగుతోంది. తెల్ల చొక్కాల ఆడపిల్లలు కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి, రిహార్సల్ దాకా ఆగలేక, ఇప్పుడే పాట మొదలెట్టేశారు.